నిలబడి చూసినవారు కావలెను

మూతపడ్డ నూలు మిల్లులో నలభై రెండేళ్ళ కిందట జరిగిన అగ్నిప్రమాదాన్ని పౌరులందరి సహకారంతో మళ్ళీ జరిపించడానికి నిర్ణయించడమైనదని పురపాలక కార్యాలయం గోడ మీద ప్రకటన అంటించారు. ప్రమాదం ఆదివారం సాయంత్రం నాలుగింటికి మొదలై ఐదుంబావుకు విజయవంతంగా ముగుస్తుంది. తరవాత టీ, బిస్కెట్లు ఉంటాయి. కుటుంబసమేతంగా రావలసినది.

ప్రకటన కింద సజీవ చరిత్ర సంఘం వారి ముద్ర ఉంది. సంఘానికి అధ్యక్షుడు ఒక విశ్రాంత రిజిస్ట్రారు. ఇద్దరు సాక్షులు సంతకం పెడితే ఏదైనా జరిగినట్టేనని ముప్ఫై మూడేళ్ళు నమ్మి బతికిన మనిషి. చరిత్రను ఆయనకు అప్పగించడం కన్నా సహజమైనది ఏముంటుంది? ఆయన తరవాతి మనిషి రెడీమేడ్ బట్టల దుకాణం యజమాని. సంఘంలో ఆయన పదవి ప్రామాణికతాధికారి. ఊళ్ళో వాడుక పేరు గుండీలాయన.

ఆ పేరు ఊరికే రాలేదు. పాత్రధారులు వేసుకునే బట్టలు ఆ కాలానివేనా కావా అని ఆయన భూతద్దం పెట్టి పరీక్షించేవారు. ఆనాటి చొక్కాలకు నాలుగు రంధ్రాల గుండీలు ఉండేవి కనుక రెండు రంధ్రాల గుండీ కనిపిస్తే మనిషిని ఇంటికి పంపేవారు. బూటు తాడు చివర ప్లాస్టిక్ తొడుగు ఉందని ఒకర్ని, పంటికి కొత్తరకం సిమెంటు వేయించుకున్నారని మరొకర్ని తిప్పి పంపారు. మిల్లులో నిజంగా పనిచేసి, ఆ రోజు మంటల్లోంచి బయటపడ్డ ముసలాయన ఒకరు, ఆ రోజు వేసుకున్న చొక్కాతోనే వచ్చారు. మధ్యలో ఎప్పుడో భార్య గుండీలు మార్చి కుట్టిందని తేలింది. "మనిషి అసలే, కాదనను. గుండీలు కావు" అని ఎంతో బాధతో ఆయన్ని తిరస్కరించారు. చరిత్ర పట్ల ఇంత నిష్ఠ ఉన్న ఊరు అరుదు.

సంఘానికి ఒక చరిత్ర సలహాదారు కూడా ఉండాలని నియమావళిలో ఉంది. అందుకు మాస్టారిని ఎన్నుకున్నారు. ఆయన హైస్కూల్లో ముప్ఫై నాలుగేళ్ళు చరిత్ర చెప్పి రిటైరైన మనిషి. అవసరానికి మించి మాట్లాడరు. అయిదు నెలల కిందట భార్య పోయాక అవసరానికి కూడా మాట్లాడటం తగ్గించారు. సలహాదారుకి ఇంతకన్నా అర్హత ఏం కావాలి?

ఆ ప్రమాదంతో ఆయనకు చిన్న సంబంధం ఉంది. ఆయన భార్య ఆ మిల్లులో కాటా గుమస్తాగా పనిచేసేది. నూలు వడికే షెడ్డు గేటు బయట పెద్ద కాటా, దాని పక్కన ఒక స్టూలు, స్టూలు మీద ఆమె. బేళ్ళు తూచి పుస్తకంలో రాసుకోవడం ఉద్యోగం. కార్మికులు ఆమెను తూకాలమ్మ అనేవాళ్ళు.

మాస్టారు సంఘానికి రెండు పేజీల నివేదిక ఇచ్చారు. నలభై రెండేళ్ళ కిందటి ఆ సాయంత్రం షెడ్డు గేటుకి బయటనుంచి తాళం ఉంది. పని వేళల్లో ఎవరూ బయటికి పోకుండా అలా వేయించడం యజమాని అలవాటు. తాళంచెవి యజమాని జేబులో ఉంది. యజమాని తన సన్మాన సభలో ఉన్నారు. లోపల నిప్పంటుకుంది. తూకాలమ్మ కాటా మీది ఐదు కిలోల ఇనుప రాయి తీసుకుని తాళాన్ని పందొమ్మిది దెబ్బలు కొట్టి పగలగొట్టింది. ముగ్గురు బయటికి రాలేదు. సుమారు మూడు వందల మంది నిలబడి చూశారు. విచారణలో యజమాని "తాళంచెవి నా జేబులో భద్రంగానే ఉంది, అడిగితే ఇచ్చేవాణ్ణి" అన్నారు. విచారణ ముగిసింది. ఇదీ నివేదిక. విశేషణాలు లేవు.

అధ్యక్షుడు దాన్ని సభ్యులకు చదివి వినిపించి, "అద్భుతంగా ఉంది మాస్టారూ, చదువుతుంటే కళ్ళకు కట్టినట్టుంది" అన్నారు. తరవాత సవరణలు మొదలయ్యాయి.

సవరణలకు కారణాలున్నాయి. కార్యక్రమానికి ముఖ్య అతిథి, పొగ యంత్రాల దాత, ఆవరణ హక్కుదారు, ముగ్గురూ ఒక్కరే. అప్పటి యజమానికి మనవడు. ఊళ్ళో అందరూ ఆయన్ని మనవడుగారు అనే పిలుస్తారు. యాభై ఏళ్ళ మనిషిని మనవడు అనడం మన గౌరవ పద్ధతుల్లో ఒకటి.

"తాళం సంగతి కొంచెం ఆలోచిద్దామండీ" అన్నారు మనవడుగారు. "తాళం అనగానే ఎవరో వేసినట్టు వస్తుంది. తుప్పు అంటే ఎవరూ వేసినట్టు రాదు. ప్రకృతి."

మొదటి సవరణ: గేటు తుప్పు పట్టి బిగుసుకుపోయినది. రెండవ సవరణ: కుటుంబాలతో వచ్చే ప్రేక్షకుల మనోభావాల దృష్ట్యా ముగ్గురు చనిపోవడం రద్దు చేయడమైనది. మూడవ సవరణ: పాత్రల కోసం దరఖాస్తులు పిలవగా, రక్షించినవారి పాత్రకు రెండు వందల పన్నెండు వచ్చినందున, రక్షించినవారి సంఖ్యను ఒకటి నుంచి రెండు వందల పన్నెండుకు పెంచడమైనది. నాలుగవ సవరణ: లోపలివాళ్ళు గేటు బాదడం వల్ల తాతగారి గురించి తప్పు అభిప్రాయం కలుగుతుంది కనుక ఎవరూ గేటు బాదరాదు. దగ్గవచ్చును. నిమిషానికి మూడుసార్లు.

ప్రతి సవరణకీ మాస్టారు లేచి "అలా జరగలేదండీ" అన్నారు. ప్రతిసారీ మినిట్స్ పుస్తకంలో "సలహాదారు సలహా నమోదు చేయడమైనది" అని రాశారు. నాలుగుసార్లు నమోదైన సలహా ఆ ఊరి చరిత్రలో అదొక్కటే.

"మరి కాటా గుమస్తా?" అని అడిగారు మాస్టారు, చివర్లో.

అధ్యక్షుడు ఇబ్బందిగా కదిలారు. "ఆవిడంటే మాకు గౌరవం లేదని కాదు మాస్టారూ. తాళమే లేనప్పుడు ఆవిడ వచ్చి ఏం కొడుతుంది చెప్పండి? కాటా మాత్రం పెడుతున్నాం. రంగు వేయించాం కూడా."

"స్టూలు?"

"అది ప్రేక్షకులకు అడ్డం వస్తుందండీ."

మాస్టారు కూర్చున్నారు. ఆయనకి కావలసింది పెద్దదేమీ కాదు. ఆ సాయంత్రాన్ని మళ్ళీ జరిపించేటప్పుడు ఎవరో ఒకామె ఆ గేటు ముందు నిలబడి పందొమ్మిది దెబ్బలు కొట్టాలి. అంతే. పేరు చెప్పక్కర్లేదు. చప్పట్లు కొట్టక్కర్లేదు. అయిదు నెలలుగా ఆయన ఇంట్లో ఆమె ఉన్న గుర్తులు ఒక్కొక్కటే తగ్గిపోతున్నాయి. సబ్బు అరిగిపోయింది. మందుల చీటీలు కూతురు తీసి పారేసింది. ఊళ్ళో అయినా ఒకటి మిగులుతుందేమోనని ఆయన ఆశ.

ఇంట్లో మిగిలినది ఆ ఐదు కిలోల రాయి. మిల్లు మూసేసినప్పుడు జీతం బదులు ఏదైనా తీసుకుపొమ్మంటే ఆమె అది తెచ్చుకుంది. వంటింటి తలుపు గాలికి కొట్టుకోకుండా అడ్డం పెట్టేది. ఆమె పోయాక ఆయన దాన్ని కదపలేదు. తలుపు వేసుకోవలసిన రోజున కూడా వేసుకోలేదు.

శనివారం మేనకోడలు వచ్చింది. తపాలా ఆఫీసులో ముద్రలు వేసే ఉద్యోగం. తూకాలమ్మ పాత్ర ఇమ్మని సంఘానికి దరఖాస్తు పెట్టుకున్న ఏకైక వ్యక్తి.

"ఇచ్చారా?" అన్నారు మాస్టారు.

"దగ్గే పాత్ర ఇచ్చారు మామయ్యా. లోపల నలభై మందిమి. నేను మూడో వరసలో దగ్గుతాను. నా దగ్గులో సహజత్వం ఉందట, గుండీలాయన మెచ్చుకున్నాడు."

"వేసుకోవద్దులే ఆ వేషం."

"అత్తయ్య వేషం ఎలాగూ లేదు. అత్తయ్య బయటికి తీసినవాళ్ళ వేషమైనా వేస్తాను." రాయిని కాలితో మెల్లగా తట్టింది. "దీన్ని ఇవ్వకపోయావా? కాటా ఉత్తగా ఉంది. చూస్తే జాలేస్తోంది."

మాస్టారు సాయంత్రం రాయిని గుడ్డసంచిలో పెట్టుకుని తీసుకెళ్ళారు. గుండీలాయన భూతద్దంతో చాలాసేపు చూసి, ఇది నిజంగానే ఆ కాలానిది అని ప్రకటించారు. ప్రదర్శన మొత్తంలో ఒక్క అభ్యంతరం కూడా లేకుండా పరీక్ష నెగ్గిన వస్తువు అదే. దాన్ని కాటా మీద పెట్టి పక్కన "అలంకరణ" అని చీటీ తగిలించారు.

అక్కడే మాస్టారు ఒక దరఖాస్తు కూడా ఇచ్చారు. పాత్ర అన్నచోట "నిలబడి చూసినవాడు" అని రాశారు. అనుభవం అన్నచోట "ఉంది" అని రాశారు.

అధ్యక్షుడు చదివి నవ్వబోయి ఆగారు. "ఈ పాత్రకి ఇంకెవరూ పెట్టుకోలేదండీ. మూడు వందల మంది ఉండాల్సిన చోట మీరొక్కరే నిలబడితే ఏం బాగుంటుంది? అసలు మా నాన్నగారు ఆ రోజు నీళ్ళ బకెట్లు మోశారు. గుండీలాయన వాళ్ళ చిన్నాన్న కూడా మోశారు. ఎవర్ని అడిగినా వాళ్ళవాళ్ళు మోశారనే అంటున్నారు. చూసినవాళ్ళు ఎవరూ ఉన్నట్టు లేదు."

దరఖాస్తు తిరస్కరించారు.

పాఠకులు క్షమించాలి, ఇక్కడ ఒక సంగతి చెప్పక తప్పదు. ఆ రోజు మాస్టారికి ఇరవై ఆరేళ్ళు. స్కూలు నుంచి వస్తూ జనంలో ఆగారు. రెండు చేతుల్లోనూ పరీక్ష పేపర్ల కట్టలు. తొమ్మిదో దెబ్బో పదో దెబ్బో కొట్టాక గేటు దగ్గరి అమ్మాయి వెనక్కి తిరిగి, "ఎవరైనా ఒక చెయ్యి వేయండి" అంది. ఆయన పేపర్లు కింద పెట్టలేదు. ఆ రాత్రి వాటిని దిద్ది మార్కులు వేశారు. మరుసటి ఏడాది ఆ అమ్మాయిని పెళ్ళి చేసుకున్నారు. నలభై ఒక్క ఏళ్ళలో ఆమె ఒక్కసారి కూడా, ఆ రోజు నువ్వెక్కడున్నావు అని అడగలేదు. అడగకపోవడం ఆమె మంచితనమో, తెలిసి ఉండటమో ఆయన ఎన్నడూ తేల్చుకోలేదు. ఇప్పుడు తేల్చుకునే దారి లేదు.

ఆదివారం ఉదయం ఆఖరి రిహార్సలులో చిన్న చిక్కు వచ్చింది. తుప్పు పట్టి బిగుసుకుపోవలసిన గేటుకి, ముఖ్య అతిథి వస్తున్నారని బందులకు నూనె పోసి రంగు వేయించారు. దాంతో అది చిన్న గాలికే తెరుచుకుంటోంది. కార్మికులు మూడుసార్లు వేళకి ముందే ఆరోగ్యంగా బయటపడ్డారు. రక్షించేవాళ్ళు నొచ్చుకున్నారు.

"ఒక తాళం వేసేస్తే పోలా?" అన్నారు గుండీలాయన.

మంచి ఆలోచన అని అందరూ అన్నారు. స్క్రిప్టులో తాళం లేదు కనుక తాళానికి తుప్పు రంగు గుడ్డ చుట్టారు. తాళంచెవి బాధ్యత గల వ్యక్తి దగ్గర ఉండాలి కనుక మనవడుగారి జేబులో వేశారు. మాస్టారు లేచి ఏదో చెప్పబోయారు. అధ్యక్షుడు అప్పటికే మినిట్స్ పుస్తకం తెరిచి, ఆయన నోరు విప్పకముందే "నమోదు చేయడమైనది" అని రాసేశారు. పని అంత చురుగ్గా సాగుతోంది.

సాయంత్రం నాలుగింటికి ప్రమాదం మొదలైంది. ప్రేక్షకులు వేలల్లో వచ్చారు. రెండు పొగ యంత్రాలు చాలవని మనవడుగారు మరో నాలుగు తెప్పించారు. పొగకి అసలు వాసన రావాలని గుండీలాయన ఒక డబ్బాలో పాత దూది చెత్త పోసి షెడ్డులో రాజేయించారు. కొత్త రంగుతో వెంటిలేటర్లు ఎలాగూ బిగుసుకుపోయాయి. గేటు బయట రెండు వందల పన్నెండు మంది రక్షకులు నాలుగు రంధ్రాల గుండీలతో వరసగా నిలబడ్డారు. ముఖ్య అతిథి ప్రసంగం ముగియగానే అధ్యక్షుడు ఈల వేస్తారు. ఈల వేయగానే వాళ్ళు కదులుతారు.

ఆవరణ ఆ చివర వేదిక మీద మనవడుగారు మైకు అందుకున్నారు. "మా తాతగారు ఎప్పుడూ ఒక మాట అనేవారు. నా కార్మికుల గుండె చప్పుడు నాకు వినబడుతుంది అని..."

అప్పుడే షెడ్డు లోపలినుంచి ధన్ ధన్ మని చప్పుడు మొదలైంది. మనవడుగారు అటు చూసి చిరునవ్వు నవ్వారు. జనం ఈలలు వేశారు. ఏం ఏర్పాటు, ఏం ఏర్పాటు, అనుకున్నారు. ఫోన్లు పైకి లేచాయి.

మాస్టారు కుర్చీలోంచి లేచారు. ఆ వేల మందిలో స్క్రిప్టును నాలుగుసార్లు చదివి, నాలుగుసార్లు అభ్యంతరం చెప్పిన మనిషి ఆయనొక్కరే. నాలుగవ సవరణ ప్రకారం ఎవరూ గేటు బాదరాదు. బాదుతున్నారంటే స్క్రిప్టు అయిపోయిందన్నమాట.

ఆయన అధ్యక్షుడి దగ్గరికి వెళ్ళారు. "లోపల నిజంగానే కొడుతున్నారండీ."

"స్క్రిప్టులో లేదు కదా మాస్టారూ."

"లేదు కాబట్టే చెప్తున్నాను. తాళం తీయించండి."

"ప్రసంగం మధ్యలో ఎలా అడుగుతామండీ, బాగోదు. ఇంకో పది నిమిషాలే." అని జేబులు తడుముకున్నారు. "పుస్తకం తేలేదు. రాగానే నమోదు చేస్తాను."

మాస్టారు నడిచారు. పరిగెత్తే వయసు కాదు. కాటా మీది రాయి తీసుకున్నారు. అలంకరణ అన్న చీటీ కింద పడింది. తాళానికి చుట్టిన గుడ్డ లాగేసి దాని మీద కొట్టారు.

మొదటి దెబ్బకి జనం చప్పట్లు కొట్టారు. మూడో దెబ్బ నుంచి దెబ్బకొక చప్పట, తాళం ప్రకారం. వరసలో మొదటి రక్షకుడు పక్కవాడితో, "ఈయన గురించి మనకి చెప్పలేదే?" అన్నాడు. గుండీలాయన దూరంనుంచి భూతద్దం లేకుండానే చూసి, మాస్టారి చేతికి ఉన్నది ప్లాస్టిక్ పట్టీ గడియారమనీ, ఆ కాలంలో అవి లేవనీ రాసుకున్నారు.

పదో దెబ్బకి భుజం పట్టేసింది. మాస్టారు వెనక్కి తిరిగారు. తను అనబోయే మాట తనది కాదని ఆయనకు తెలుసు.

"ఎవరైనా ఒక చెయ్యి వేయండి."

జనం హోరెత్తారు. అంత బాగా ఎవరూ నటించలేదని తరవాత అన్నారు. మొదటి రక్షకుడు మాత్రం ఎంతో మర్యాదగా, "మా వంతు ఇంకా రాలేదు మాస్టారూ. ఈల వేస్తే వచ్చేస్తాం" అన్నాడు. అబద్ధం కాదు, వచ్చేవాడే.

మాస్టారు ఆ ముఖాల్ని చూశారు. చెడ్డవాళ్ళెవరూ లేరు. సగం మంది ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళు. వాళ్ళ చేతులు ఖాళీగా లేవు, అంతే. ఒకరి చేతిలో ఫోను, ఒకరి చేతిలో టీ కప్పు. పేపర్ల కట్టలున్న ఇరవై ఆరేళ్ళ మనిషి ఒక్కడే ఆ గుంపులో తక్కువ.

ఆయన మళ్ళీ గేటు వైపు తిరిగారు. ముప్ఫై ఒకటో దెబ్బకి తాళం ఊడింది. ఆమెకు పందొమ్మిది సరిపోయాయి. ఆమె చేతుల్లో ఎంత బలం ఉండేదో, నలభై ఒక్క ఏళ్ళు అదే చేతి వంట తిన్నా, ఆయనకు ఆ సాయంత్రమే తెలిసింది.

నలభై మందీ వచ్చారు. కొందరు నడిచి, కొందరు పాకి, ముగ్గురు మిగతావాళ్ళ భుజాల మీద. మాస్టారు లెక్కపెట్టారు. రెండోసారి కూడా లెక్కపెట్టారు. మేనకోడలు నేల మీద కూలబడి, కళ్ళలో నీళ్ళు కారుతుండగా ఆయన చెయ్యి పట్టుకుంది.

"ఈసారి... దగ్గు... సహజంగానే వచ్చింది మామయ్యా."

"మాట్లాడకు."

"లోపలికి రాయి చప్పుడు వినబడింది. అత్తయ్యేమో అనుకున్నాను."

రాయి ఇంకా ఆయన చేతిలోనే ఉంది. కింద పెట్టడం మరిచిపోయారు.

సరిగ్గా అప్పుడే ప్రసంగం ముగిసింది. అధ్యక్షుడు ఈల వేశారు. రెండు వందల పన్నెండు మంది రక్షకులు సింహాల్లా షెడ్డులోకి ఉరికారు. లోపల ఎవరూ లేకపోయినా వెనకాడలేదు. ఒకరినొకరు ఎత్తుకుని, రక్షించుకుని, దగ్గుకుంటూ బయటికి తెచ్చారు. రక్షణ కార్యక్రమం నిర్ణీత సమయానికి, ఐదుంబావుకి, విజయవంతంగా ముగిసింది. టీ, బిస్కెట్లు ఇచ్చారు.

పదకొండు మందిని ఆసుపత్రిలో చేర్చారు. వారం తిరిగేసరికి అందరూ ఇళ్ళకు వచ్చారు. మనవడుగారు వెళ్ళి పలకరించి పళ్ళు ఇచ్చారు. చిన్న విచారణ కూడా జరిగింది. "తాళంచెవి నా జేబులో భద్రంగానే ఉంది, అడిగితే ఇచ్చేవాణ్ణి" అన్నారు. విచారణాధికారి ఆ మాట రాసుకుని తృప్తిపడ్డారు. చరిత్రను మళ్ళీ జరిపించడంలో అక్షరం కూడా పొల్లుపోని భాగం ఇదొక్కటేనని, ఆ వాక్యాన్ని పాత విచారణ కాగితాల్లో చదివి ఉన్న మాస్టారు గమనించారు. ఎవరికీ చెప్పలేదు. చెబితే నమోదు చేస్తారు.

సర్వసభ్య సమావేశంలో ప్రదర్శనను అన్ని పత్రికలూ మెచ్చుకున్నాయని అధ్యక్షుడు ప్రకటించారు. ముఖ్యంగా తాళం పగలగొట్టే దృశ్యం. దానికి చారిత్రక ఆధారాలు లేకపోయినా ప్రేక్షకాదరణ దృష్ట్యా వచ్చే ఏడాది నుంచి స్క్రిప్టులో చేర్చాలని ఏకగ్రీవంగా తీర్మానించారు. ఆ పాత్ర మాస్టారికే ఇవ్వాలన్నారు, గడియారం తీసేస్తే.

"వద్దండీ" అన్నారు మాస్టారు. "అది ఒకావిడ వేయాలి. పక్కన స్టూలు ఉండాలి."

ఆ మాట నమోదు చేశారు. పాత్ర కోసం ప్రకటన ఇవ్వగా రెండు వందల పదమూడు దరఖాస్తులు వచ్చాయి. తాళం పగలగొట్టినవాళ్ళు తమ కుటుంబంలోనే ఉన్నారని అందులో చాలామంది రాశారు. ఇద్దరేసి సాక్షుల సంతకాలు కూడా జతచేశారు. తపాలా ఆఫీసు నుంచి వచ్చిన దరఖాస్తు అందులో అడుగున ఎక్కడో ఉంది.

మాస్టారు రాయిని ఇంటికి తెచ్చుకుని వంటింటి తలుపు దగ్గర పెట్టారు. మరునాడు సంఘం ఆఫీసుకి వెళ్ళి పాత దరఖాస్తునే మళ్ళీ ఇచ్చారు. పాత్ర: నిలబడి చూసినవాడు. అనుభవం: ఉంది. ఈసారి అధ్యక్షుడు దాన్ని తిరస్కరించలేదు. ఆదివారం నాటి ఫొటోలు ఆయన బల్ల మీద పరిచి ఉన్నాయి. వాటిని చాలాసేపు చూసి, ముద్ర వేసి, ఆమోదించారు.

పురపాలక కార్యాలయం గోడ మీద కొత్త ప్రకటన అంటించారు. నిలబడి చూసినవారి పాత్రకు మూడు వందల మంది కావలసి ఉండగా ఒక్కరే చేరినందున, ఇంకా రెండు వందల తొంభై తొమ్మిది ఖాళీలు ఉన్నాయి. రిహార్సలు అక్కర్లేదు. గుండీల పరీక్ష ఉండదు. ఆసక్తి గలవారు ప్రత్యేకంగా వేషం వేసుకోనక్కర్లేదు. ఇప్పుడు ఎలా ఉన్నవారు అలాగే, చేతిలో ఏది ఉంటే దానితోనే రావచ్చును.